అత్రాఫె బల్దా: పట్నానికి దూరమూ, పల్లె సేద్యమూ

నిజాం కాలపు రెవెన్యూ కాగితాలను తిరగవేసినవారికి హైదరాబాదు చుట్టూ రెండు జిల్లాల పేర్లు కనిపిస్తవి. ఒకటి ‘అత్రాఫె బల్దా’, మరొకటి ‘బాగాత్’. ఉర్దూ చదువుకొన్న మన విద్యార్థులకు వీటి అర్థం విప్పి చెప్పనవసరం లేదు. తెలుగు మాత్రమే చదివినవారి కొరకు చెప్పుతున్నాను. ‘అత్రాఫ్’ అనగా పరిసరాలు, ‘బల్దా’ అనగా నగరం. ‘బాగాత్’ అనగా తోటలు. 1948లో ఈ రెండు జిల్లాలనూ కలిపి హైదరాబాదు జిల్లాగా ఏర్పరచినారు. 1978లో దాని గ్రామీణ ప్రాంతం రంగారెడ్డి జిల్లాగా విడిపోయింది. 2016లో ఆ రంగారెడ్డి జిల్లా కూడ ముక్కలైంది. పేర్లు మారినవి, హద్దులు మారినవి. కాని పాత పేర్లలో ఉన్న ఒక సత్యం మాత్రం గమనింపదగినది. నగరాన్ని ఆనుకొని ఉన్న భూమికి మన పూర్వులు ‘తోటలు’ అని పేరు పెట్టినారే కాని ‘జొన్నచేలు’ అని పెట్టలేదు.

తెలంగాణ రైతు తన భూమిని ఖుష్కీ, తరీ, బాగాత్ అని మూడు విధాలుగా చెప్పుకొన్నాడు. ఖుష్కీ వర్షాధారపు మెట్ట. తరీ చెరువు కింది మాగాణి. బాగాత్ తోట భూమి. ఈ విభజనకు నీరే ఆధారమని మనం సాధారణంగా అనుకొంటాము. నీరు లేనిదే తోట లేదు, నిజమే. అయితే హైదరాబాదు చుట్టూ ఉన్న ఎర్ర చల్కా నేల పాలమూరు దాకా పరచుకొని ఉన్నది. బావులు అక్కడా ఉన్నవి, ఇక్కడా ఉన్నవి. ఒకే నేల, ఒకే వాన, ఒకే మోటబావి ఉన్నప్పుడు పట్నం పక్కన కొత్తిమీర, పది ఆమడల ఆవల జొన్న ఎందుకు పండవలె? ఈ ప్రశ్నకు నేల జవాబు చెప్పదు. జవాబు బండి చక్రం దగ్గర ఉన్నది.

ఈ సంగతిని తొలిసారిగా లెక్కగట్టి చెప్పినవాడు ఒక జర్మన్ రైతు. రైతు అని తెలిసే అంటున్నాను. జొహాన్ హైన్‌రిఖ్ ఫాన్ థ్యూనెన్ (1783–1850) విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు కాడు. ఉత్తర జర్మనీలోని మెక్లెన్‌బర్గ్ ప్రాంతంలో 1810లో టెల్లో అనే ఎస్టేటు కొని, తానే నిలబడి సేద్యం చేయించినవాడు. ఎరువు ఎంత, కూలి ఎంత, గుర్రాల దాణా ఎంత, సంతకు పోయి వచ్చిన ఖర్చు ఎంత అని ఏళ్ల తరబడి చిట్టా వ్రాసిపెట్టినాడు. ఆ చిట్టాల నుంచి పుట్టినదే 1826లో అచ్చయిన ‘ఏకాంత రాజ్యం’ అనే గ్రంథం. అర్థశాస్త్ర గ్రంథాలలో ఎక్కువ భాగం గదిలో కూర్చొని వ్రాసినవి. ఇది కళ్లంలో పుట్టినది. అందుకే నాకు దానిమీద ప్రత్యేకమైన గౌరవం.

అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1817లో, ఇంగ్లండులో డేవిడ్ రికార్డో భూమి శిస్తుకు సారవత్తరత కారణమని సిద్ధాంతీకరించినాడు. మంచి నేలకు ఎక్కువ శిస్తు, చవుడు నేలకు తక్కువ. థ్యూనెన్ ఇంకొక అడుగు వేసినాడు. నేల అంతా ఒకే తీరున ఉన్నా సరే, సంతకు దగ్గరగా ఉన్న నేలకు ఎక్కువ ఆదాయం వస్తుందని ఆయన చూపించినాడు. అందుకు ఒక ఊహాచిత్రం గీసినాడు. ఒక విశాలమైన మైదానం, దాని నడుమ ఒకే ఒక పట్నం. కాలువ లేదు, పడవలు నడిచే నది లేదు. అంతటా ఒకే నేల. సరుకు బండి మీదనే రావలె. చుట్టూ అడవి. బయటి లోకంతో సంబంధమే లేదు. ఇటువంటి దేశంలో పంటలు ఏ వరుసలో ఉంటవి?

దీనిని ఒక చిన్న లెక్కతో అర్థం చేసుకొందాము. అంకెలు కేవలం లెక్క కొరకు కల్పించినవి. ఒక ఎకరంలో కూరగాయలు వేస్తే 100 బస్తాలు, జొన్న వేస్తే 10 బస్తాలు పండుతవనుకొందాము. సేద్యపు ఖర్చులు పోగా పట్నం సంతలో కూరగాయల బస్తాకు 30 రూపాయలు, జొన్న బస్తాకు 120 రూపాయలు మిగులుతవనుకొందాము. ఏ బస్తానైనా ఒక కిలోమీటరు మోయడానికి 1 రూపాయి కిరాయి. పట్నం గోడ పక్కన ఉన్న ఎకరానికి కూరగాయల మీద 3,000, జొన్న మీద 1,200 మిగులుతుంది. 10 కిలోమీటర్ల దూరంలో కూరగాయలకు 2,000, జొన్నకు 1,100. సరిగ్గా 20 కిలోమీటర్ల దగ్గర రెండింటికీ 1,000 చొప్పున సమానమవుతుంది. 30 కిలోమీటర్ల దగ్గర కూరగాయలకు పైసా మిగలదు. జొన్న మాత్రం ఇంకా 900 ఇస్తుంది.

బస్తా ఒకటికి జొన్న ధర ఎక్కువ, కూరగాయల ధర తక్కువ. అయినా దగ్గరి భూమి కూరగాయలకే దక్కింది. ఎందుచేతననగా కూరగాయలు ఎకరానికి ఎక్కువ బరువు తూగుతవి. బరువు ఎక్కువ కనుక దూరం వాటిని త్వరగా తినివేస్తుంది. జొన్న బరువు తక్కువ, కనుక దూరాన్ని ఓర్చుకొంటుంది. రైతు తెలివైనవాడా, అమాయకుడా అనే ప్రసక్తి ఇందులో లేదు. 25 కిలోమీటర్ల దూరాన ఉండి జొన్న వేసే రైతును ‘వెనుకబడినవాడు’ అనడం చదువుకొన్నవారికి ఒక అలవాటు. పై లెక్క చూచిన తరువాత అట్లా అనడానికి నోరు రాకూడదు.

ఈ విధంగా లెక్కించి థ్యూనెన్ పట్నం చుట్టూ ఆరు వలయాలు గీసినాడు. మొదటిది కూరగాయలు, పాలు. ఇవి ఆగలేనివి. ఇక్కడ భూమిని బీడు పెట్టరు, పట్నపు పేడ, చెత్త కొని ఎరువుగా వేస్తారు. రెండవది అడవి. ఇది చదివినవారు ఆశ్చర్యపడతారు. పట్నం పక్కన అడవి ఏమిటని! ఆ కాలంలో వంటకూ, చలి కాచుకొనడానికీ కట్టెలే గతి. కట్టెలు మహా బరువు, ధర స్వల్పం. దూరం నుంచి తెస్తే కిరాయి కట్టెల ధరను మించిపోతుంది. ఆ తరువాత మూడు వలయాలలో ధాన్యం. లోపలి దానిలో నేలకు విశ్రాంతి లేకుండా మార్పిడి పంటలు, బయటికి పోయినకొద్దీ నేలను బీడు పెట్టే కాలం పెరుగుతుంది. చివరిది పశువుల మేత భూమి. జీవాలు తమ కాళ్ల మీద తామే సంతకు నడిచిపోతవి కనుక వాటికి బండి కిరాయి లేదు. అంతకు ఆవల అడవి.

ధాన్యం బండి విషయంలో ఆయన చేసిన పరిశీలన నాకు మరీ ఇష్టం. బండిని లాగే గుర్రాలు కూడ ధాన్యమే తింటవి. దూరం పెరిగినకొద్దీ బండిలోని ధాన్యంలో ఒక భాగం దారిలోనే గుర్రాల కడుపులోకి పోతుంది. ఇంకా దూరమైతే సంతకు చేరేసరికి బండి ఖాళీ. అటువంటి చోట ధాన్యం ఎంత పండినా పట్నానికి పనికిరాదు. మన ఎడ్లబండికి కూడ ఈ లెక్కే వర్తిస్తుంది.

ఇప్పుడు మన ఊరికి వద్దాము. థ్యూనెన్ పుస్తకం చదవకపోయినా హైదరాబాదు తన వలయాలను తాను గీసుకొన్నది. వాటి ఆనవాళ్లు నేటికీ వీధుల పేర్లలో మిగిలి ఉన్నవి. కార్వాన్ వైపు సబ్జీమండీ ఉన్నది. పాతబస్తీలో దూద్‌బౌలి ఉన్నది. సికింద్రాబాదు వైపు సీతాఫల్‌మండీ ఉన్నది. జాంబాగ్, బషీర్‌బాగ్ వంటి ‘బాగ్’లు ఎన్ని ఉన్నవో విద్యార్థులే లెక్కపెట్టుకోవచ్చును. జాంబాగ్‌లో నేడు ఒక జామచెట్టు వెదికి చూపినవానికి బహుమానం ఇవ్వవచ్చు. నగరం పెరిగినప్పుడు మొదటి వలయాన్నే మింగుతుంది. తోట బయటికి జరుగుతుంది, పేరు మాత్రం అక్కడే ఉండిపోతుంది.

నిన్నమొన్నటి వరకు ఈ వరుస స్పష్టంగా కనిపించేది. పడమట మొయినాబాదు, శంకర్‌పల్లి, చేవెళ్ల వైపున ఆకుకూరలు, టమాట, క్యారెట్, పూలు. ఉత్తరాన శామీర్‌పేట, మేడ్చల్ వైపున ద్రాక్షతోటలు. అనాబె షాహీ ద్రాక్షకు హైదరాబాదు పరిసరాలే పుట్టిల్లువలె పేరొందినవి. ఇంకా దూరం పోతే జొన్న, మొక్కజొన్న, ఆముదం. తాండూరు దాకా పోతే కంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి పత్రికలలో చదివి ఉంటారు. అక్కడి నేల గుణం అందుకు ముఖ్య కారణమే. కాని కంది ఎండిన గింజ, ఆరు నెలలు గోతాములో ఉన్నా చెడదు, నూరు కిలోమీటర్లు పోయినా దాని విలువ తగ్గదు. పాలకూరకు ఆ సౌకర్యం లేదు. ఉదయం కోసిన పాలకూర సాయంత్రానికి సగం ధర, మరునాటికి గొడ్లపాలు. కొన్ని సరుకులకు దూరం కిలోమీటర్లలో ఉంటుంది, కొన్నింటికి గంటలలో ఉంటుంది.

ఇక చివరి వలయం. పాలమూరు గొల్లకురుమల మందల నుంచి గొర్రెలు జియాగూడ మండీకి రావడం మన విద్యార్థులలో చాలామంది ఎరిగినదే. బక్రీదు ముందు వారంలో ఆ దారులు చూచినవారికి థ్యూనెన్ ఆరవ వలయం గురించి వేరే ఉపన్యాసం అవసరం లేదు. వానలు తక్కువైన చోట, సంత దూరమైన చోట, గడ్డిని మాంసంగా మార్చి పంపడమే లాభం. మందలు నేడు చాలావరకు లారీలలో వస్తున్నవి. కాని ఆ వృత్తి అక్కడ వేళ్లూనిన కాలంలో అవి నడిచే వచ్చినవి.

తెలుగులో ‘దూరపు కొండలు నునుపు’ అంటారు. ఉర్దూలో ‘దూర్ కే ఢోల్ సుహానే’ అంటారు. రెండు భాషలూ దూరానికి ఒక అందాన్ని అంటగట్టినవి. సంతకు సరుకు వేసుకొని పోవలసిన రైతుకు మాత్రం దూరంలో నునుపూ లేదు, సంగీతమూ లేదు.

థ్యూనెన్ గీసిన వలయాలు గుండ్రంగా ఉండేది కాగితం మీదనే. పడవలు నడిచే నది ఒకటి ఉంటే వలయం ఆ నది వెంబడి సాగిపోతుందని ఆయనే చెప్పినాడు. మన మూసీలో సరుకు పడవలు నడవలేదు కాని రైలు వచ్చింది. 1874లో వాడి–సికింద్రాబాదు రైలుమార్గం తెరచినప్పుడు వికారాబాదు, తాండూరు ఒక్కసారిగా పట్నానికి దగ్గరైనవి. రైలు స్టేషనుకు పది కోసుల దూరాన ఉన్న పల్లె మాత్రం ఉన్నచోటనే ఉండిపోయింది. తరువాత రోడ్డు, లారీ వచ్చినవి. మన లెక్కలో కిరాయి కిలోమీటరుకు రూపాయి నుంచి అర్ధరూపాయికి తగ్గిందనుకొనండి. కూరగాయలూ జొన్నా సమానమయ్యే చోటు 20 కిలోమీటర్ల నుంచి 40 కిలోమీటర్లకు జరుగుతుంది. నడుమ ఉన్న పల్లెలన్నీ జొన్న మాని కూరగాయలు వేయవచ్చును.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. నడుమ పల్లెలన్నీ కూరగాయలు వేస్తే సంతకు సరుకు పోటెత్తుతుంది. ధర పడిపోతుంది. అప్పుడు నష్టపోయేది ఎవరు? దగ్గరి రైతు. ఇంతకాలం దూరం అతనికి గోడవలె కాపలా కాసింది. లారీ ఆ గోడను పడగొట్టింది. నేడు హైదరాబాదు తినే టమాటలో మంచి భాగం ఐదు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న మదనపల్లె నుంచి కూడ వస్తున్నది. 2020లో రేణిగుంట నుంచి ఢిల్లీకి ‘దూద్ దురంతో’ అనే పాల రైలు నడిచింది. దూరం సుమారు 2,300 కిలోమీటర్లు. పాలు మొదటి వలయం దాటి పోలేవని థ్యూనెన్ చెప్పిన మాట శీతలీకరణ యంత్రం ముందు నిలువలేదు. వంటగ్యాసు వచ్చిన తరువాత రెండవ వలయం, అనగా కట్టెల అడవి, పూర్తిగా మాయమైంది. గుంటూరు మిరప, నిజామాబాదు పసుపు వంటి ఎండు సరుకులకు దూరం మొదటినుంచే పెద్ద అడ్డు కాదు.

అయితే లెక్క పోలేదు, అంకెలు మాత్రమే మారినవి. ధర పతనమైన రోజున మదనపల్లె టమాట రైతు కోత కూలీ, లారీ కిరాయి రెండూ కలిపి చూచుకొని, సరుకును రోడ్డు పక్కన పారబోసి ఇంటికి పోతాడు. ఆ పటాలు పత్రికలలో వచ్చినప్పుడు మనం ‘అయ్యో’ అనుకొంటాము. థ్యూనెన్ దృష్టితో చూస్తే ఆ రోజున కూరగాయల వలయం ముడుచుకొనిపోయి మదనపల్లె దాని బయట పడ్డదన్నమాట. మరునాడు ధర పెరిగితే మళ్లీ లోపలికి వస్తుంది. వలయం ఇట్లా రోజుకొక తీరున ఊగుతుంటే, మూడు నెలల ముందు నారు పోసే రైతు దేనిని నమ్ముకోవలె?

దగ్గరి రైతుకు మిగిలినది లారీ తేలేని సరుకే. ఆకుకూరలు, పూలు, పచ్చిగడ్డి. 1999 జనవరి 26న ఉమ్మడి రాష్ట్రంలో రైతుబజార్లు ప్రారంభమైనప్పుడు దళారీ లేకుండా అమ్ముకొనే వీలు ఇతనికి కలిగింది. మెహదీపట్నం రైతుబజారుకు చేవెళ్ల రోడ్డు పల్లెల నుంచి కట్టలు మోసుకొని వచ్చే ఆడవారిని చూడండి. వారి లెక్కలో దూరం అనగా తెల్లవారుజామున తమ ఊరికి బస్సు గాని, ట్రాలీ ఆటో గాని ఎన్నింటికి వస్తుందన్నదే. ఐదు కిలోమీటర్లు దూరమైనా ముందు బస్సు దొరికే ఊరు, బస్సు ఆలస్యంగా వచ్చే దగ్గరి ఊరికంటె పట్నానికి ‘దగ్గర’.

తూర్పు దిక్కున కథ వేరు. అక్కడ మూసీ నగరపు మురుగునంతా మోసుకొని దిగువకు పోతుంది. పట్నపు పేడ, చెత్త మొదటి వలయానికి ఎరువు అవుతుందని థ్యూనెన్ చెప్పినాడని పైన వ్రాసినాను. మన పట్నం తన ఎరువును నీటిలో కలిపి పంపుతున్నది. వేసవిలో చెరువులన్నీ ఎండినా మూసీ ఎండదు, నగరం వాడి వదిలిన నీరు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటుంది. పీర్జాదిగూడ, ప్రతాపసింగారం వైపున నది ఒడ్డున పచ్చగా కనబడే పొలాలు చాలావరకు వరి కావు, పారా గడ్డి. పూర్వం వరి పండిన మళ్లలో మురుగు, ఉప్పు పెరిగి వరి దిగుబడి పడిపోయింది. గడ్డికి ఆ నీరు సరిపడింది. నగరంలోని బర్రెల తబేలాలకు రోజూ పచ్చిగడ్డి కావలె. గడ్డి బరువు, నిలువ ఉండదు, దూరం నుంచి తేలేరు. ఇంతకంటె చక్కని మొదటి వలయం పంట మరొకటి లేదు. కత్వలు దాటుకొని దిగువకు పోయినకొద్దీ నీరు కొంత తేటపడుతుంది. అక్కడినుంచి మళ్లీ వరి కనబడుతుంది. ఇక్కడ పంటను నిర్ణయించేది సంతకు దూరం ఒక్కటే కాదు, పట్నపు మురికికి దూరం కూడ. థ్యూనెన్ ఈ రెండవ దూరాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆ గడ్డి మళ్లలో మోకాలిలోతు నిలబడి కోసే స్త్రీల కాళ్ల దురదలకు, పుండ్లకు ఏ వలయంలోనూ ఖరీదు కట్టలేదు. ఆ గడ్డి తిన్న బర్రెల పాలే మన చాయలో కలుస్తున్నవి.

ఇంతవరకు చెప్పినదంతా భూమి మీద పంట పండించడమే యజమాని ఉద్దేశమనే ఊహ మీద నిలిచి ఉన్నది. ఆ ఊహే సడలితే ఏమవుతుంది?

ఒకనాడు తరగతిలో ఈ పాఠం చెబుతూ నల్లబల్ల మీద వలయాలు గీసి, ‘మీ ఊరు పట్నానికి ఎంత దూరం, అక్కడ ఏమి పండుతుంది, ఒక్కొక్కరే చెప్పండి’ అని విద్యార్థులను అడిగినాను. దూరపు ఊళ్లవారి జవాబులు బల్ల మీది బొమ్మకు బాగానే సరిపోయినవి. దగ్గరి ఊళ్లకు వచ్చేసరికి బొమ్మ చెడింది. ఔటర్ రింగు రోడ్డుకు దగ్గరలో ఉన్న ఊరి నుంచి వచ్చే అబ్బాయి లేచి, ‘మా ఊర్ల ఇప్పుడు రాళ్లు పండుతున్నయి సార్’ అన్నాడు. తరగతి నవ్వింది. అతడు నవ్వలేదు. ప్లాట్లకు పాతిన హద్దురాళ్లను గురించి అతడు చెప్పినాడు.

అతడు చెప్పినది ఒక పండితుడు కూడ చెప్పినాడు. అమెరికాలో రాబర్ట్ సింక్లేర్ అనే భూగోళశాస్త్రవేత్త 1967లో ఒక వ్యాసం వ్రాసి, పెరుగుతున్న పెద్ద నగరాల చుట్టూ థ్యూనెన్ వలయాలు తలక్రిందులవుతున్నవని నిరూపింపజూచినాడు. నగరం రేపో మాపో తన పొలం దాకా వస్తుందని తెలిసిన యజమాని బావి తవ్వడు, పందిరి వేయడు, ఎరువు మీద డబ్బు పోయడు. పంట మీద వచ్చేదానికంటె ఎదురుచూచి అమ్మితే వచ్చేది ఎన్నో రెట్లు. కనుక నగరానికి దగ్గరగా పోయినకొద్దీ సేద్యం చిక్కబడవలసింది పోయి పలుచబడుతుంది. అన్నిటికంటె దగ్గరి భూమి బీడు. కొంచెం దూరాన పైపై సేద్యం. ఇంకా దూరం పోయినప్పుడే మనసు పెట్టి చేసే వ్యవసాయం కనబడుతుంది.

మన చుట్టూ ఇదే జరిగింది. 1998లో సైబర్ టవర్స్, 2008లో శంషాబాదు విమానాశ్రయం, అంచెలంచెలుగా తెరుచుకొని 2018 నాటికి పూర్తి అయిన 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు. వీటి వెంట భూమి ధర పంట విలువతో బంధుత్వం తెంచుకొన్నది. శామీర్‌పేట, మేడ్చల్ ద్రాక్షతోటలు చాలావరకు పోయినవి. తెగుళ్లూ, ఖర్చులూ కొంత కారణమే. కాని ద్రాక్షతీగ కాపుకు రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. రాతి స్తంభాలు, తీగ పందిరి వేయడానికి పెట్టుబడి ఎంతో కావలె. మూడేళ్ల తరువాత ఆ నేల ఎవరిదో తెలియని చోట ద్రాక్ష ఎవరు నాటుతారు?

దీనికి ఒక విచిత్రమైన మినహాయింపు పడమట ఉన్నది. ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయాల రక్షణకై 1996 మార్చిలో 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు వెలువడింది. 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాలలో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు రాకూడదన్నారు. ఉద్దేశం మంచినీటి రక్షణ. ఫలితంగా కొంత సేద్యం కూడ నిలిచింది. నగరం ఇతర దిక్కులలో నలభై కిలోమీటర్లు పరుగెత్తిన కాలంలో ఈ దిక్కున ఇరవై, ఇరవై అయిదు కిలోమీటర్లలోనే పూలు, కూరగాయలు కనబడినవి. అక్కడి రైతు సంతోషించినాడా అంటే అదీ లేదు. గీత అవతల తన బావమరిది ఎకరం అమ్మి కూతురి పెళ్లి చేసి, ఇల్లు కట్టి, కారు కొన్నాడు. గీత ఇవతల తాను ఇంకా టమాట గంపలు లెక్కపెడుతున్నాడు. నగరపు దాహానికి తన నేలను ఎందుకు తాకట్టు పెట్టినారని అతడడిగితే జవాబు చెప్పడం కష్టం. ఆ ఆంక్షలను తొలగిస్తూ 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు ఉత్తర్వు వచ్చింది. నా మట్టుకు నాకు, ఆ గ్రామాల రైతుకు నష్టపరిహారం ఇచ్చి అయినా ఆ నేలను పచ్చగా ఉంచవలసి ఉండెనని అనిపిస్తుంది. దీనితో ఏకీభవించని విద్యార్థులు మన తరగతిలోనే పలువురున్నారు. వారిలో కొందరు ఆ గ్రామాలవారే.

ఎదురుచూచే యజమాని పొలాన్ని ఊరక ఉంచడం కంటె కౌలుకు ఇస్తాడు. పట్నం పక్కన నేడు జరుగుతున్న సేద్యంలో చెప్పుకోదగిన భాగం ఈ కౌలుదారులదే. కాగితం ఉండదు, మాట మీద ఒప్పందం. 2018లో వచ్చిన రైతుబంధు సాయం పట్టాదారు పేరున పోయింది, కౌలుదారుకు అందలేదు. రాళ్లు పాతిన పట్టా భూములకు కూడ ఆ సాయం ముట్టిందనే విమర్శ వచ్చి, 2025 జనవరిలో ప్రకటించిన రైతుభరోసా నియమాలలో ప్లాట్లుగా మారిన భూములను మినహాయించినారు. కౌలుదారుకు దానివల్ల ఒరిగినది లేదు.

రాళ్లు పండుతున్నవని చెప్పిన అబ్బాయి తండ్రి కూడ కౌలుదారే. హద్దురాళ్ల నడుమ ఇంకా ఇల్లు లేవని రెండెకరాలలో సేద్యం చేస్తాడట. బోరు యజమానిది. ‘మీ నాన్న ఏమి వేస్తాడు?’ అని తరగతి అయిన తరువాత అడిగినాను. కొత్తిమీర, మెంతి అని చెప్పినాడు. సంత దగ్గర కనుక ఆకుకూరలు వేస్తున్నాడని నేను అనుకొన్నాను, థ్యూనెన్ అయినా అట్లాగే అనుకొని ఉండేవాడు. అబ్బాయి చెప్పిన కారణం వేరు. కరివేపాకు వేస్తే చాలా లాభమట, ఒకసారి నాటితే ఏళ్ల తరబడి కోసుకోవచ్చునట. కాని మొక్క నిలదొక్కుకొనడానికే ఏడాది దాటుతుంది. కొత్తిమీర విత్తిన నలభై దినాలకు పీకి అమ్ముకోవచ్చును. యజమాని వాళ్లకు ఇచ్చిన మాట ఏమంటే, ప్లాటు బేరం కుదిరితే వేసిన పంట ఒక్కటి తీసుకొనేదాకా ఆగుతానని.